కోపం వస్తే అడ్రినలినా, అడ్రినలిన్ వస్తే కోపమా? హార్మోన్ల గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

జీవశాస్త్రం_మాస్టారు (ఆదివారం, ఉదయం 7:10)

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. నియంత్రణ పాఠంలో వినాళ గ్రంథుల పట్టిక ఒకటి ఉంటుంది. గ్రంథి, హార్మోను, అది చేసే పని. పిల్లలు దాన్ని గడగడా అప్పజెప్పేస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. మొన్న శుక్రవారం ఒకమ్మాయి లేచి అడిగింది: "సార్, కోపం వచ్చినందుకు అడ్రినలిన్ విడుదలవుతుందా, అడ్రినలిన్ విడుదలైనందుకు కోపం వస్తుందా?" వెనక బెంచీ నుంచి ఇంకొకడు అందుకున్నాడు: "హార్మోన్ల వల్లే కోపం వస్తే మనిషి తప్పేముంది సార్?"

మంగళవారం మళ్లీ ఆ క్లాసు ఉంది. పట్టిక మళ్లీ చదివించడం నాకు ఇష్టం లేదు. నిజంగా జరిగిన ప్రయోగాలు, మనుషుల్లో, పశువుల్లో కళ్లారా చూడగలిగిన సంగతులు కావాలి. తెలిసినవాళ్లు దయచేసి రాయండి.

ఫిజియాలజీ_మేడమ్ (ఆదివారం, ఉదయం 8:02)

మాస్టారూ, ఆ అమ్మాయిని మెచ్చుకోవాలి. ఈ ప్రశ్న మీద గొప్ప గొప్ప వైద్యులే ప్రయోగాలు చేశారు.

ముందు వరస చెబుతాను. కుక్క మీదకొచ్చింది అనుకోండి. కన్ను చూసింది, మెదడు ప్రమాదం అని తేల్చింది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి వెన్నుపాము మీదుగా సింపథెటిక్ నాడులు (ప్రమాదానికి ఒంటిని సిద్ధం చేసేవి) కబురు మోసుకెళ్తాయి. ఆ కబురు చేరేది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి లోపలి భాగానికి. కొద్ది సెకన్లలోనే అడ్రినలిన్ రక్తంలో ఉంటుంది. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం గ్లూకోజు వదులుతుంది, పేగులకూ చర్మానికీ వెళ్లే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది, కంటిపాప విచ్చుకుంటుంది. అంటే ముందు మెదడు గుర్తించడం, ఆ తర్వాతే హార్మోను.

ఒత్తిడిలో వచ్చే ఇంకో హార్మోను కార్టిసాల్ దారి వేరు. హైపోథాలమస్ దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథికి చెప్పాలి, పిట్యూటరీ అడ్రినల్ పైపొరకు చెప్పాలి, అప్పుడు అది తయారై రక్తంలోకి రావాలి. అందుకే నిమిషాలు పడుతుంది. బాగా పెరిగేసరికి 20 నుంచి 30 నిమిషాలవుతుంది, అప్పటికి కుక్క వీధి దాటి పోయి ఉంటుంది. గొడవ అయిపోయాక కూడా చాలాసేపు మనసు కుదుటపడకపోవడానికి ఇదొక కారణం.

ఇక రెండో దిక్కు. అడ్రినలిన్ ఎక్కిస్తే కోపమో భయమో వస్తుందా? 1924లో స్పెయిన్ వైద్యుడు గ్రెగోరియో మరాన్యోన్ 210 మందికి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఏమనిపిస్తోందో అడిగాడు. ఎక్కువమంది గుండె దడ, వణుకు అని ఊరుకున్నారు. కొంతమంది "భయపడినట్టుగా ఉంది, కానీ భయమేమీ లేదు" అనే తీరులో చెప్పారు. నిజమైన ఉద్వేగం కలిగింది కొద్దిమందికే. ఇంజెక్షన్‌కు ముందు చనిపోయిన తల్లిదండ్రుల గురించో, జబ్బుపడ్డ పిల్లల గురించో మాట్లాడించినవాళ్లలో అది కనిపించింది. ఒంట్లో అలజడి హార్మోను తెచ్చింది. అది ఏ ఉద్వేగమో తేలడానికి మాత్రం మనసులో ఒక విషయం ఉండాల్సి వచ్చింది.

ముర్రా_పాడి (ఆదివారం, ఉదయం 8:40)

మాస్టారూ, పల్లెటూరి పిల్లలైతే చేపు గురించి చెప్పండి. వాళ్లకు రోజూ కనిపించేదే.

మా కొట్టంలో ముర్రా గేదెలున్నాయి. పొద్దున్నే ఊరికే వెళ్లి పొదుగు పట్టుకుంటే చుక్క రాదు. దూడను వదిలి, అది రెండు మూడుసార్లు పొదుగును కుమ్మి నోట పట్టుకుంటే, ఒకటి రెండు నిమిషాలకు చన్నులు ఒక్కసారిగా బిగుస్తాయి. వేలితో నొక్కితే తెలిసిపోతుంది. అదే చేపు. అప్పుడు దూడను పక్కకు లాగి పిండుకుంటాం. అలవాటుపడ్డ గేదెకు దాణా గంప చప్పుడు వినిపించినా చాలు, దూడ అక్కర్లేదు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టడం మా తాతల కాలంలో ఉండేది, గేదె దాన్ని నాకుతూ చేపేది.

కొత్త మనిషి పిండినా, పక్కన కుక్క మొరిగినా, కర్రతో కొట్టినా చేపు ఆగిపోతుంది. పాలు పైకి లాగేసింది అంటాం. ఇదంతా హార్మోనే అని మా ఊరి పశువైద్యుడు చెప్పారు. వివరం మేడమ్ చెబితే బాగుంటుంది.

ఫిజియాలజీ_మేడమ్ (ఆదివారం, ఉదయం 9:15)

పాడి అన్నగారూ, ఇంతకన్నా మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో కూడా లేదు.

గేదె పొదుగులో పాలు దాదాపు అన్నీ పైన ఉండే సన్నని బుడగల్లాంటి భాగాల్లోనే ఉంటాయి. కింద నిల్వ ఉండేది చాలా తక్కువ, ఆవుతో పోల్చినా తక్కువే. ఆ బుడగల చుట్టూ ఉన్న కణాలు ముడుచుకుంటేనే పాలు కిందికి దిగుతాయి. వాటిని ముడుచుకోమని చెప్పేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. దూడ స్పర్శ, వాసన, దాణా గంప చప్పుడు మెదడుకు చేరాక పిట్యూటరీ వెనక భాగం దాన్ని రక్తంలోకి వదులుతుంది.

ఇది నరాల పనా, రక్తంలో వచ్చే రసాయనం పనా అని 1941లో అమెరికాలో ఎలీ, పీటర్సన్ అనే ఇద్దరు ఆవుల మీద పరీక్షించారు. పొదుగులో ఒక సగానికి నరాలు కోసేశారు. అయినా రెండు సగాలూ చేపాయి. అంటే కబురు రక్తంలోనే వచ్చింది. ఆవు పక్కన కాగితం సంచులు పేల్చి బెదరగొడితే పాలు దిగలేదు. అడ్రినలిన్ ఎక్కించినా అంతే.

గేదెకు భయమేస్తే పాలు "ఎగ్గొట్టడం" దాని మొండితనం కాదు. అందుకే కొట్టడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

చంటిబిడ్డ_తల్లి (ఆదివారం, ఉదయం 10:30)

చేపు మాట మనుషులకూ వాడతాం కదండి. మా పాపకు ఇప్పుడు నాలుగు నెలలు. పక్కింటి బిడ్డ ఏడ్చినా నాకు చేపు వచ్చి జాకెట్ తడిసిపోయేది.

కానీ నేను అడగాలనుకున్నది వేరే. ప్రసవమైన నాలుగో రోజు నుంచి ఊరికే ఏడుపు వచ్చేది. బిడ్డ బాగుంది, అమ్మ దగ్గరుంది, ఏ లోటూ లేదు. "బాలింత కళ్లనీళ్లు పెట్టుకోకూడదు" అని ఇంట్లో ప్రతివాళ్లూ అన్నారు గానీ ఎందుకు వస్తోందో ఎవరూ చెప్పలేదు. పది రోజులకు దానంతటదే తగ్గింది. మా తోడికోడలికి మాత్రం నెలల తరబడి ఉండిపోయింది, డాక్టర్‌కు చూపించాల్సి వచ్చింది. ఇద్దరికీ అవే హార్మోన్లు కదా, ఆమెకు ఎందుకలా?

నిజామాబాద్_అన్న (ఆదివారం, ఉదయం 11:05)

ఏమనుకోకండి, నా అభిప్రాయం సూటిగా చెబుతా. ఇప్పుడు ప్రతిదానికీ హార్మోన్లు అనడం ఫ్యాషన్ అయింది. ఆడవాళ్ల మూడ్ బాగోకపోతే హార్మోన్లు, పిల్లోడు మాట వినకపోతే హార్మోన్లు. అట్లా అయితే మగాడికి టెస్టోస్టిరాన్ ఉంది కాబట్టి కొట్లాడటం సహజం అని కూడా ఒప్పుకోవాలి. కోడిపుంజుకు వృషణాలు తీసేస్తే పోట్లాట మానేస్తుంది, ఇది అందరికీ తెలిసిందే.

ఫిజియాలజీ_మేడమ్ (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

అమ్మా, ముందు మీకు. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు చాలా ఎక్కువ స్థాయిలో ఉంటాయి. మాయ బయటకు వచ్చేయగానే కొద్ది రోజుల్లో రెండూ పడిపోతాయి. మొదటి రెండు వారాల్లో వచ్చి తగ్గిపోయే ఏడుపు చాలామంది తల్లుల్లో ఉంటుంది, భయపడక్కర్లేదు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, నిద్రపోయే వీలున్నా నిద్ర రాకపోతే, బతుకు మీద విరక్తి మాటలు వస్తే అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మీ తోడికోడలిని తీసుకెళ్లడం చాలా మంచి పని.

అవే హార్మోన్లు, ఆమెకు ఎందుకలా అన్న ప్రశ్నను అచ్చంగా పరీక్షించినవాళ్లున్నారు. 2000లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో బ్లాక్ బృందం 16 మంది స్త్రీలను తీసుకుంది. 8 మందికి అంతకుముందు ప్రసవానంతర డిప్రెషన్ వచ్చింది, 8 మందికి రాలేదు. ఎవరూ గర్భంతో లేరు. అందరికీ మందులతో గర్భంలో ఉన్నట్టుగా హార్మోన్లు పెంచి, తర్వాత ఎవరికీ తెలియకుండా ఆపేశారు. మొదటి గుంపులో ఐదుగురికి దిగులు తిరిగి వచ్చింది. రెండో గుంపులో ఒక్కరికీ రాలేదు. పడిపోవడం అందరిలోనూ ఒకటే, దానికి మెదడు స్పందించే తీరు మనిషిని బట్టి మారింది. మీ తోడికోడలు మీకన్నా బలహీనురాలు అని దీనికి అర్థం కాదు.

అన్నగారూ, కోడిపుంజు సంగతి నిజమే. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ దాన్నే చేసి చూశాడు. వృషణాలు తీసేసిన పుంజులకు తురాయి ఎదగలేదు, అవి కూయలేదు, పోట్లాడలేదు. మరికొన్నింటికి తీసిన వృషణాన్ని పొట్టలోనే వేరేచోట పెట్టాడు. అవి మామూలు పుంజుల్లాగే కూశాయి, కొట్లాడాయి. కోసి చూస్తే ఆ వృషణానికి పాత నరాల సంబంధం ఏమీ లేదు, కొత్త రక్తనాళాలు మాత్రం అల్లుకుని ఉన్నాయి. రక్తం ద్వారానే ప్రభావం పడుతోందని ఆయన రాశాడు. హార్మోను అనే పేరు పుట్టడానికి యాభై ఆరేళ్ల ముందటి మాట ఇది.

కానీ మీరు అక్కడే ఆగిపోయారు. 1990లో జాన్ వింగ్‌ఫీల్డ్ బృందం పక్షుల మీద ఇంకో సంగతి తేల్చింది. మగపక్షి తన చోటులోకి ఇంకో మగపక్షి చొరబడినప్పుడు టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, పిల్లల్ని సాకే రోజుల్లో తగ్గుతుంది. అంటే పోటీ వల్ల హార్మోను మారుతోంది. మనుషుల్లోనూ ఉంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను కొన్నేళ్లు గమనించి 2011లో గెట్లర్ బృందం ప్రచురించింది. తండ్రులైనవాళ్లకు టెస్టోస్టిరాన్ బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, ఆపైన బిడ్డను చూసుకునేవాళ్లకు ఇంకా తక్కువ. బిడ్డను ఎత్తుకుని తిప్పడం కూడా మగవాడి రక్తాన్ని మారుస్తోంది. "సహజం" అన్న మాటలో ఇదీ కలపండి.

నిజామాబాద్_అన్న (ఆదివారం, మధ్యాహ్నం 12:48)

సెబూ సంగతి నాకు తెలియదు మేడమ్. మంచి ముచ్చట. అయినా "నా చేతుల్లో లేదు, హార్మోన్లు" అనేవాళ్ల మీద నా కోపం అట్లనే ఉంది.

చంటిబిడ్డ_తల్లి (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

అన్నా, ఆ కోపంలో కొంత న్యాయముంది. కానీ ఇంకో వైపు కూడా చూడండి. ఆఫీసులో ఆడమనిషి న్యాయమైన విషయానికి కోప్పడినా "ఈ రోజు మేడమ్‌కి హార్మోన్లు" అని నవ్వుకుంటారు. విషయాన్ని పక్కన పెట్టేయడానికి ఆ మాట వాడతారు. తన తప్పుకు సాకుగా వాడినా, ఎదుటివాళ్ల నోరు మూయించడానికి వాడినా రెండూ ఒకటే నాకు.

ఎండో_విశాఖ (ఆదివారం, సాయంత్రం 4:30)

ఎండోక్రైనాలజీ ప్రాక్టీసు నాది. చర్చంతా చదివాను. సాకు అనే మాట వచ్చింది కాబట్టి థైరాయిడ్ గురించి రాయకుండా ఉండలేను.

మా దగ్గరికి ఇంట్లోవాళ్లు ఇలా తీసుకొస్తారు: "బద్ధకం ఎక్కువైంది డాక్టర్, ఏ పనీ ముట్టుకోదు, పడుకునే ఉంటుంది, మతిమరుపు, ఏదన్నా అంటే ఏడుపు." మనిషిని చూస్తే ముఖం ఉబ్బి ఉంటుంది, గొంతు బొంగురుగా ఉంటుంది, మాట నెమ్మది, చర్మం పొడిబారి ఉంటుంది. మే నెలలో ఫ్యాను తగ్గించమంటుంది. మోకాలి కింద సుత్తితో కొట్టి చూస్తే కాలు కదలడం కదులుతుంది గానీ మళ్లీ కిందికి దిగడం చాలా మెల్లగా ఉంటుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (పిట్యూటరీ థైరాయిడ్‌కు పంపే హార్మోను) చాలా ఎక్కువగా ఉంటుంది.

టీఎస్‌హెచ్ ఎక్కువుంటే థైరాయిడ్ తక్కువ అని చెబితే చాలామంది తికమకపడతారు. మేడ మీద ట్యాంకులో నీళ్లు తగ్గితే మోటారు ఆగకుండా తిరుగుతుంది కదా, అదే లెక్క. థైరాయిడ్ హార్మోన్ తగ్గేకొద్దీ పిట్యూటరీ ఇంకా ఇంకా చెయ్యమని టీఎస్‌హెచ్ పంపుతూనే ఉంటుంది. హార్మోన్ సరిపడా ఉంటే టీఎస్‌హెచ్ తగ్గుతుంది. ఒంట్లో చాలా హార్మోన్లు ఇలాగే తమ పైవాళ్లను తామే తగ్గించుకుంటాయి.

1949లో లండన్‌లో రిచర్డ్ ఆషర్ అనే వైద్యుడు 14 మంది రోగుల గురించి రాశాడు. థైరాయిడ్ బాగా తగ్గిపోయి మతి చలించినవాళ్లు వాళ్లంతా. అనుమానాలు, భ్రమలు, గందరగోళం. కొందరిని పిచ్చాసుపత్రికి పంపేందుకు తీసుకొచ్చారు. థైరాయిడ్ మందు ఇస్తే వాళ్లలో చాలామంది కోలుకున్నారు. ఇప్పుడు వాడే లెవోథైరాక్సిన్ మాత్ర 100 మైక్రోగ్రాములంటే గ్రాములో పదివేల వంతు. మనిషి గుణం అనుకున్నది ఆ కాస్త మందుతో తిరిగి రావడం నేను మళ్లీ మళ్లీ చూస్తున్నాను, ఇప్పటికీ నాకు అబ్బురంగానే ఉంటుంది.

హార్మోన్ ఎక్కువైతే కథ తిరగబడుతుంది. చిరాకు, నిద్ర లేకపోవడం, చాపిన వేళ్లు సన్నగా వణకడం, ఎంత తిన్నా బరువు తగ్గడం. ఇంట్లో మాత్రం "ఈ మధ్య కోపిష్ఠి అయ్యాడు" అనే అంటారు.

ఒక హెచ్చరిక. దిగులున్న ప్రతివాళ్లకూ థైరాయిడ్ లోపం ఉండదు, ఎక్కువమందికి పరీక్ష మామూలుగానే వస్తుంది. అప్పుడు "రిపోర్టు నార్మల్, అంతా నీ భ్రమ" అని తీసిపారేయకూడదు. డిప్రెషన్‌కు వైద్యం వేరే ఉంది.

మాస్టారూ, పిల్లలకు మనవాళ్ల పేరు ఒకటి చెప్పండి. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు. హిమాలయాల పాదాల్లోని కాంగ్రా లోయలో గొంతువాపు ఇంటింటా ఉండేది. 1956 నుంచి ఆయన బృందం ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేసి రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేలా చూసింది. అయోడిన్ అందిన చోట్ల కొన్నేళ్లలోనే గొంతువాపు బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ (గొంతువాపు) నియంత్రణ కార్యక్రమం మొదలుకావడానికి ఆ పని బలమైన ఆధారం. గర్భిణికి అయోడిన్ మరీ తక్కువైతే కడుపులో బిడ్డ మెదడు సరిగా ఎదగదు. మన వంటింట్లో ఉప్పు డబ్బా వెనక ఇంత సంగతి ఉంది.

ల్యాబ్_టెక్ (ఆదివారం, సాయంత్రం 5:12)

డాక్టర్ గారు చెప్పినదానికి మా వైపు నుంచి కొంచెం. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన పది రోజులకే పరీక్షకు వచ్చేస్తారు. థైరాయిడ్ హార్మోన్ టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, కొత్త డోసు కుదురుకుని టీఎస్‌హెచ్ స్థిరపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. జుట్టుకని బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు ఆ మాట ముందే చెప్పండి. కొన్ని మెషిన్లలో అవి రిపోర్టును తారుమారు చేస్తాయి. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీతో కాదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటలు ఎడం ఉండాలి.

కార్టిసాల్‌కి పొద్దున్న 8 గంటలప్పుడు రమ్మంటే మధ్యాహ్నం వచ్చి "పర్లేదు తీసేయండి" అంటారు. నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటకు అది పైకి వెళ్తుంది, అర్ధరాత్రికి అడుగుకు చేరుతుంది. టైము తెలియకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

కరీంనగర్_శ్రీను (ఆదివారం, సాయంత్రం 6:00)

2021లో మా బావకు కోవిడ్ తీవ్రమై స్టెరాయిడ్లు ఇచ్చారు. ఇంటికొచ్చాక నాలుగైదు రాత్రులు నిద్రే పోలేదు. అర్ధరాత్రి లేచి బీరువాలు సర్దడం, ఫోన్లు చేయడం, కొత్త వ్యాపారం గురించి ఆగకుండా మాట్లాడటం. ఆయన అసలు మితభాషి. మందు తగ్గించాక మళ్లీ మామూలయ్యాడు. అది మందు వల్లేనా డాక్టర్ గారూ?

ఎండో_విశాఖ (ఆదివారం, రాత్రి 8:15)

ఆయనను చూడకుండా కచ్చితంగా చెప్పలేను గానీ, మీరు చెప్పింది స్టెరాయిడ్లకు సరిగ్గా సరిపోతుంది. మనం ఇచ్చే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ కార్టిసాల్ చేసే పనే ఎన్నో రెట్లు గట్టిగా చేస్తాయి. 1972లో బోస్టన్ బృందం ఒకటి ఆసుపత్రిలో ప్రెడ్నిసోన్ వాడిన రోగులను లెక్కవేసింది. రోజుకు 40 మిల్లీగ్రాములు, అంతకు తక్కువ తీసుకున్నవాళ్లలో మానసిక లక్షణాలు 1.3 శాతం మందికే వచ్చాయి, 80 దాటినవాళ్లలో 18.4 శాతం మందికి వచ్చాయి. డోసుతో పాటు పెరగడం చూడండి. హార్మోను ప్రవర్తనను మారుస్తుందనడానికి దీనికన్నా సూటి రుజువు మనుషుల్లో అరుదు. అయినా అంత డోసులోనూ ఐదుగురిలో నలుగురికి ఏమీ కాలేదని మర్చిపోకూడదు.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. ఒళ్లునొప్పులకూ ఆయాసానికీ ఊళ్లలో ఇచ్చే పేరులేని పొడుల్లో, మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం మేం చూస్తుంటాం. నెలల తరబడి వాడితే ఒంట్లో అడ్రినల్ తన పని మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. స్టెరాయిడ్ సొంతంగా మొదలుపెట్టకండి, సొంతంగా ఆపకండి.

జిమ్_కుర్రాడు (ఆదివారం, రాత్రి 8:40)

సార్, మా జిమ్‌లో ట్రైనర్ కండలు రావాలంటే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఒక కోర్సు చాలంటున్నాడు. వయసు 23. మగతనం కూడా పెరుగుతుందంటున్నాడు.

ఎండో_విశాఖ (ఆదివారం, రాత్రి 8:52)

వద్దు నాయనా. ట్యాంకు లెక్క పైన చెప్పాను. బయటి నుంచి టెస్టోస్టిరాన్ పోస్తే పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను వృషణాలకు పంపడం ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి, కొందరిలో సున్నాకు చేరతాయి. మానేశాక తిరిగి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. ఆ మధ్యకాలంలో నీరసం, దిగులు, కోరిక లేకపోవడం. పెళ్లయి పిల్లలు కావడం లేదని వచ్చి, అడగ్గా అడగ్గా జిమ్ ఇంజెక్షన్ల సంగతి చెప్పే కుర్రాళ్లు ఉన్నారు. గుడ్లు, పప్పు, చికెన్ తిను, బరువులెత్తు, రాత్రి నిద్రపో.

ఇంటర్_నాన్న (ఆదివారం, రాత్రి 10:05)

నిద్ర మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మావాడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. పొద్దున 5 గంటలకు స్టడీ అవర్. రాత్రి 11 అయినా నిద్ర రావడం లేదంటాడు, పొద్దున లేవలేడు. వార్డెన్ బద్ధకం అంటారు. ఇదీ హార్మోన్లేనా, లేక ఫోనా?

ఫిజియాలజీ_మేడమ్ (ఆదివారం, రాత్రి 10:40)

రెండూ ఉండొచ్చు, కానీ హార్మోను వాటా నిజం. చీకటి పడ్డాక మెదడులో పీనియల్ గ్రంథి మెలటోనిన్ వదులుతుంది, అది ఒంటికి రాత్రయిందని చెప్పే సంకేతం. కౌమారంలో ఆ సంకేతం పిల్లలకన్నా, పెద్దలకన్నా ఆలస్యంగా మొదలవుతుంది. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. 11 దాటాక పడుకుని 5కి లేస్తే ఎంత నిద్ర దక్కుతుందో మీరే లెక్కవేయండి. మంచం మీద ఫోను వెలుతురు ఆ మెలటోనిన్‌ను ఇంకా వెనక్కి తోస్తుంది కాబట్టి అది తీసేయడం మన చేతిలో పని. పొద్దున్నే ఎండలో పావుగంట నడిస్తే గడియారం కొంచెం ముందుకు జరుగుతుంది. కానీ 5 గంటల స్టడీ అవర్ మాత్రం పిల్లల ఒంటికి ఎదురు నడవడమే. తల్లిదండ్రులు నలుగురు కలిసి కాలేజీవాళ్లతో మాట్లాడితే తప్పులేదు. మాట్లాడాలి కూడా.

జీవశాస్త్రం_మాస్టారు (సోమవారం, ఉదయం 6:20)

రాత్రంతా చదివి నోట్సు రాసుకున్నాను. చేపుతో మొదలుపెడతాను, మా క్లాసులో సగం ఇళ్లల్లో గేదెలున్నాయి. బాధ్యత గురించి అడిగిన పిల్లాడికి బ్లాక్ ప్రయోగం, బోస్టన్ లెక్క రెండూ చెబుతాను. హార్మోను ఒత్తిడి తెస్తుంది గానీ అందరినీ ఒకేలా నడిపించదని వాడే గ్రహిస్తాడనుకుంటాను. క్లాసులోనే చేయించగలిగింది ఏదన్నా ఉందా మేడమ్?

ఫిజియాలజీ_మేడమ్ (సోమవారం, ఉదయం 7:00)

ఉంది. అందరినీ కూర్చోబెట్టి మణికట్టు దగ్గర నాడి అర నిమిషం లెక్కపెట్టించి రాయించండి. తర్వాత "ఇప్పుడు స్లిప్ టెస్టు, ముందు బెంచీవాళ్లు బోర్డు దగ్గరికి రండి" అనండి. వెంటనే మళ్లీ లెక్కపెట్టించండి. టెస్టు లేదని చెప్పి, ఐదు నిమిషాలయ్యాక మూడోసారి. అందరి అంకెలూ బోర్డు మీద రాస్తే, ఒకే మాటకు ఎవరి గుండె ఎంత ఉలిక్కిపడిందో, ఎంతసేపటికి కుదుటపడిందో వాళ్లకే కనిపిస్తుంది. ఎక్కువ పెరిగిన పిల్లల్ని ఎవరూ ఎగతాళి చేయకుండా మాత్రం చూడండి. అన్నట్టు, మొదటి క్షణంలో గుండె వేగం పెంచేది ఎక్కువగా నరాలే, అడ్రినలిన్ వెనకే వచ్చి కలుస్తుంది. పెద్దపిల్లలు కాబట్టి ఆ తేడా కూడా చెప్పొచ్చు.

తెనాలి_కోడలు (సోమవారం, ఉదయం 9:30)

ఆలస్యంగా చూశాను. ఒక్క ప్రశ్న. మా అత్తయ్యగారికి 68, షుగరుకు గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. ఏకాదశి ఉపవాసం మానరు, మాత్రా మానరు. ఆ రోజు మధ్యాహ్నానికి ఉన్నట్టుండి అందరి మీదా కేకలు, చెమటలు, మాట తడబాటు. సాయంత్రం పండ్లు తిన్నాక తానేం అన్నారో కూడా గుర్తుండదు. మామయ్యగారు ఉపవాస నీరసం అంటున్నారు.

ఎండో_విశాఖ (సోమవారం, ఉదయం 9:41)

అమ్మా, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇది షుగర్ పడిపోవడంలాగే ఉంది. గ్లిమిపిరైడ్ తిండి ఉందా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. ఖాళీ కడుపు మీద షుగర్ దిగిపోతుంది. దాన్ని పైకి లాగడానికి ఒళ్లు అడ్రినలిన్ వదులుతుంది కాబట్టి చెమట, వణుకు, దడ. ఇంకా దిగితే మెదడుకు గ్లూకోజు చాలదు, అప్పుడే కేకలు, తడబాటు, మతి తప్పడం.

మళ్లీ అలా అయితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే, మీటర్ దొరక్కపోయినా సరే, మూడు చెంచాల గ్లూకోజు గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూసి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. పెరిగాక తప్పకుండా అన్నం పెట్టండి, ఆ మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి మళ్లీ పడిపోవచ్చు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. వచ్చే ఏకాదశి లోపల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఉపవాసం రోజు మాత్ర సంగతి ఏం చేయాలో రాయించుకోండి. గుండెకూ బీపీకీ బీటా బ్లాకర్ వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకెళ్లండి, అవి దడను, వణుకును కనబడనివ్వవు.

తెనాలి_కోడలు (సోమవారం, ఉదయం 9:58)

మెటోప్రొలాల్ అని ఒకటి ఉందండి. రేపే తీసుకెళ్తాం. గ్లూకోజు పొడి ఇప్పుడే తెప్పిస్తున్నాను.